నీటిక్రింది నేలయు చేపల జాడయు

జూబిలీహిల్సు గుట్టలనుండి మాదాపురమునకు పోవువారు దుర్గము చెరువును దాటుదురు. 2020వ సంవత్సరము సెప్టెంబరులో తెరవబడిన తీగల వంతెనపై నిలిచి క్రిందికి చూచినచో, నీరు పలకవలె సమముగా గానవచ్చును. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ దుర్గమునకు త్రాగునీరిచ్చిన చెరువిది. ఒడ్డుననున్న బండలును వాలులును నీటియంచువద్ద నిలిచిపోవు. అవి లోపలికిని సాగును. కాని ఆ లోపలి నేల మన కంటికి గానరాదు. చేపలకు కావలసినది ఆ నేలయే. దానిని కాగితముపై చూపునదే చెరువు పటము.

పూర్వము పడవలో పోవుచు, సీసపు గుండు కట్టిన త్రాటిని అడుగు తగులువరకు జారవిడిచి లోతు కొలిచెడివారు. ఇప్పుడు యంత్రము ధ్వనిని పంపి, ప్రతిధ్వని మరలివచ్చుటకు పట్టిన కాలమును లెక్కించును. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,450 మీటర్లు పోవును. సెకనులో నూరవవంతున ప్రతిధ్వని వచ్చెననుకొందము. పోకయు రాకయు కలిసి 14½ మీటర్లు. లోతు అందులో సగము, అనగా ఏడు మీటర్లకు పైచిలుకు. ఇట్లు వేలకొలది తావులలో కొలిచి, ఒకే లోతుగల తావులన్నిటిని కలుపుచు గీతలు గీయుదురు. భూగోళ పాఠములో కొండలకు గీయు సమోన్నత రేఖలే యివి.

ఇంటివద్ద దీనిని పరీక్షించుట సులభము. ఒక తొట్టిలో ఎగుడుదిగుడు రాయి నొకదాని నుంచి, అంగుళము చొప్పున నీరు పోయుచు, ప్రతి పర్యాయము నీటియంచు తాకినచోట రాతిపై చెరగని గీత గీయుడు. పిమ్మట నీటిని తీసివేసి పైనుండి చూడుడు. రాయి నిటారుగా నున్నచోట గీతలు దగ్గరగాను, చదునుగా నున్నచోట దూరముగాను కనబడును. పటములో ఒడ్డునుండి గీతలు లోతువైపునకు ముక్కువలె పొడుచుకొని వచ్చినచో, అక్కడ నీటిలోనికి మిట్ట సాగినదని యెరుగవలెను. నడుమ మూసుకొన్న వలయమున్నచో అది గుంటయు కావచ్చును, దిబ్బయు కావచ్చును. లోపలి సంఖ్య తక్కువయైనచో దిబ్బ. సంఖ్య చూడక వలయమును మాత్రమే చూచువాడు దిబ్బను గుంటయని భ్రమపడును.

గీతలు దూరముగా నుండుట యెంత పెద్ద విషయమో కొల్లేటివారికి తెలియును. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న ఆ సరస్సు మిక్కిలి చదునైనది. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను. ఆ గీతకు లోపలనున్న చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము తెగగొట్టించెను. చదును నేలపై రెండడుగుల యెత్తు తేడాకే నీటియంచు ఎంతో దూరము జరుగును. కనుకనే ఆ గీతను మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని యంత వాదము జరిగినది.

ఈ పటములను దినదినము వాడువారు శీతల దేశములలో పెక్కుమంది కలరు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున శీతకాలమందు సరస్సులు పైన గడ్డకట్టును. జనులు ఆ మంచుపై నడచిపోయి, పెద్ద బరమాతో రంధ్రము తొలిచి, అందులోనుండి గాలము వేయుదురు. ఫిల్మునగరు పిల్లలకు మంచు క్రొత్తది కాదు. పాటలలో విస్తారముగా చూచియున్నారు. నాయికానాయకులు దానిపై నాట్యమాడుదురే గాని, గాలము పట్టుకొని కూర్చుండుట నేను చూడలేదు! పడవలో పోవువాడు వల విసరుచు తావు మార్చుకొనగలడు. మంచుపై నున్నవానికి ప్రతి రంధ్రమును ఒక శ్రమ. మిల్లెలాక్సు అను సరస్సు లక్షయెకరములకు మించినది. లోతు నలువది రెండడుగులే. అంత విశాలమైన తావున పటము లేక రంధ్రములు చేయుట గడ్డివామిలో సూదిని వెదకుటయే.

ఇక చేప యెక్కడ నుండును? ముందు నీటి స్వభావమును గ్రహింపవలెను. నీరు సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడువద్ద మిక్కిలి బరువైనది. అంతకన్న చల్లనైన నీరు తేలికయై పైకి వచ్చి గడ్డకట్టును. 4 డిగ్రీల నీరు అడుగున నిలుచును. ఇట్లు శీతకాలమున క్రిందనే వెచ్చన. అట్లయినచో చేపలన్నియు మిక్కిలి లోతైన గుంటలోనే యుండవలెను గదా యని తోచును. అది సగము మాత్రమే నిజము. మంచు మూసినందున గాలి నీటిలో కలియదు. అడుగున కుళ్లు పదార్థము ప్రాణవాయువును హరించుచుండును. శీతకాలము ముదిరినకొలది లోతు గుంటలో ఊపిరి తగ్గును. కావున నేర్పరి గుంట నడుమ గాక దాని యంచున, గీతలు దగ్గరపడిన వాలుపైని, మునిగిన దిబ్బల ప్రక్కను, పొడుచుకొని వచ్చిన మిట్టల కొసను తొలుచును. అక్కడ చేపకు మేత, దాగుచోటు, ఊపిరి మూడును సమీపమున నుండును. మంచు కట్టిన తొలిదినములలో నాచు ఇంకను పచ్చగా నుండును గనుక లోతు తక్కువయైన తావులును మంచివే. కడపటి దినములలో వాగులు కలియుచోటికి చేపలు చేరును.

ఆ కడపటి మాటలోనే ప్రమాదమున్నది. వాగు కలియుచోట, ఊట పుట్టుచోట మంచు పలుచన. పటము నేలను చూపును గాని మంచు మందమును చూపదు. క్రొత్తగా కట్టిన గట్టి మంచు కనీసము నాలుగంగుళములున్నగాని దానిపై అడుగిడరాదని అచటి యధికారులు చెప్పుదురు. తెల్లబారిన మంచైనచో దానికి రెట్టింపు కావలెను. పూర్తిగా నమ్మదగిన మంచు లేదనియు వారే చెప్పుదురు. 2022 డిసెంబరులో ఆరిజోనా రాష్ట్రమున గడ్డకట్టిన సరస్సుపై నడచిన తెలుగువారు ముగ్గురు, మంచు విరిగి మునిగి మరణించిరి. వారు చేపలకై పోయినవారు కారు. మన విద్యార్థులలో ఆ దేశములకు పోవువారు పలువురుందురు గనుక ఇంత నిలిచి చెప్పితిని.

మన చెరువులకు ఈ చదువును తలక్రిందులు చేయవలెను. వేసవిలో మన నీటికి పైన వెచ్చన, అడుగున చల్లన. మురుగు చేరిన చెరువులలో అడుగుననే ప్రాణవాయువు ముందు నశించును. అట్టిచోట లోతైన గీత చేపకు ఆశ్రయము కానేరదు. చేపల జాతియు చూడవలెను. బొచ్చె పైనీటిలోను, రోహు నడిమినీటిలోను, మృగాల అడుగునను మేయును. మన కట్టువడి చెరువులకు పటము లేకపోయినను కొంత ఊహింపవచ్చును: కట్టప్రక్కను, తూముదగ్గరను, మునిగిన పాత వాగుజాడలోను లోతు; వాగు వచ్చు వైపున మెరక. పుట్టిలో తిరుగు గంగపుత్రులును ముదిరాజులును ఈ పటమును మనస్సులోనే ఉంచుకొందురు.

అన్ని గీతలలో వెలుపలి గీత ఒకటి మిగిలినది. అది పూర్తి నీటిమట్టపు గీత. 1908 మూసీ వరద పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగరమునకు అది సముద్రమట్టమునకు పైన 1,790 అడుగులు. హిమాయత్ సాగరమునకు 1,763½ అడుగులు. సంవత్సరములో అనేక మాసములు ఆ గీతకు లోపలి నేల ఎండియుండును గనుక, చూచువారికి అది చెరువుగా తోచదు. దుర్గము చెరువు పూర్తి నీటిమట్టములోపల నున్నవని 2024లో కొన్ని గృహములకు నోటీసులు ఇయ్యబడెను. ఇందులో న్యాయాన్యాయములు తేల్చుట నా పని కాదు. చేప సంగతి మాత్రము చెప్పుదును. తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొరమేను గ్రుడ్లు పెట్టునది నడిమి లోతున గాదు, అంచున, గడ్డి మొలచిన పలుచని నీటిలో. తల్లిదండ్రులు పిల్లలను అక్కడనే కాచుచుండును. ఆ అంచును మట్టితో పూడ్చినచో నడుమ లోతు ఏమియు తగ్గదు. పటములో లోపలి గీతలన్నియు మునుపటివలెనే యుండును. కొరమేను పిల్లలు మాత్రము ఆ చెరువున పుట్టవు.