గుమ్మడికాయలోని దీపము
అక్టోబరు 31 రాత్రి అమెరికాలో హాలోవీన్ పండుగ. గుమ్మడికాయను తొలిచి, కన్నులు, నోరు చెక్కి, లోపల కొవ్వొత్తి వెలిగించి గడప ముందుంచుదురు. వేడుకయే, కాని ఎండు మొక్కజొన్న చొప్ప, కాగితపు తోరణములు, నేలను జీరాడు పిల్లల వేషములు ఆ మంటకు ఎంతో దూరమున నుండవు. అందుచే బ్యాటరీ దీపమే మేలని మేమందుము.

అయితే దానిలోను ఒక ముప్పు కలదు. చిన్న దీపములలో తరచు బొత్తామువంటి బిళ్ల బ్యాటరీ యుండును. పసివాడు మ్రింగగా అది అన్నవాహికలో చిక్కినచో, తడి తగిలి విద్యుత్తు పారి, క్షారము పుట్టి, రెండు గంటలలోనే కండను కాల్చివేయగలదు. ఈ బ్యాటరీల అర పిల్లలకు సులభముగా తెరువరాకుండవలెనని అమెరికా 2022లో చట్టము చేసినది. మన దీపావళి దీపములు కొన్నిటిలోను ఇట్టి బిళ్లలే యుండును; మరమేకుతో బిగించిన మూత గలవానినే కొనుడు. మ్రింగెనను అనుమానము కలిగినను, వాంతి చేయింపక, తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.