జీతముల లెక్కలో సూత్రములు

మీ కుమారులలోనో మనుమలలోనో ఒకరు పట్టణమున మిల్లులో పని చేయుచుందురు. నెల కాగానే వారికి జీతపు చీటీ వచ్చును. అందు మూలజీతము, కరవు భత్యము, భవిష్యనిధి, కార్మిక బీమా అను పద్దులుండును. ఇప్పుడు వానిని గుమాస్తా లెక్కించుట లేదు, కంప్యూటరు లెక్కించుచున్నది. అయినను ఏ పద్దు నెట్లు కట్టవలెనో దానికి మనుష్యుడే చెప్పవలెను. అట్లు చెప్పుటయే నా వృత్తి.

పద్దునకొక సూత్రము. అది యెవరికి వర్తించును, దేనిపై లెక్క, ఎంత వంతు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అను నాలుగు సంగతులు అందుండవలెను. మొదటి మూడింటిని అందరును శ్రద్ధతో వ్రాయుదురు. తేదీని మరతురు. నేనును మరచితిని.

2018లో ఒక నూలు మిల్లునకు ఈ పని చేసితిని. నెలజీతము 21,000 రూపాయలు మించనివారికే కార్మిక బీమా యని 2017 జనవరి నుండి నిబంధన. నేను "21,000 దాటినచో కోత లేదు" అని వ్రాసి యూరకుంటిని. చూపునకు సరిగానే యున్నది. కాని చట్టము సంవత్సరమును రెండు ఖండములు చేసినది: ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకొకటి, అక్టోబరు నుండి మార్చి వరకొకటి. ఖండారంభమున బీమాలోనున్నవాడు, నడుమ జీతము పెరిగినను, ఖండాంతము వరకు అందే యుండును. ఉగాదికి కుదిరిన పాలేరు ఒప్పందము నడుమ తెగనట్లే.

ఒక కార్మికునకు జూనులో జీతము 20,800 నుండి 21,600 అయినది. నా సూత్రము ఆ నెలనే అతని చందాను ఆపినది. చేతికి సొమ్ము హెచ్చుగా వచ్చెనని అతడు సంతసించెను. 2019 ఫిబ్రవరిలో జబ్బుపడెను. జీతములో నూటికి 70 వంతుల చొప్పున జబ్బు భత్యము రావలెనన్న, వెనుకటి ఏప్రిలు ఖండములో 78 దినముల చందా యుండవలెను. అతనికి ఏప్రిలు, మే నెలలే యున్నవి. ఎంత లెక్కించినను 61 దినములు మించవు. భత్యము రాలేదు. ఇంటివారు అప్పు చేసిరి.

ఆగస్టులో దిద్దబోతిమి. అప్పటికి మరియొక చిక్కు. 2019 జూలై నుండి కార్మికుని చందా నూటికి 1.75 నుండి 0.75కును, యజమానిది 4.75 నుండి 3.25కును తగ్గినది. నేను పాత అంకెను చెరిపి దానిపైననే క్రొత్తది వ్రాసియుంటిని. కంప్యూటరు పాత నెలలకును నెలకు 864 రూపాయలే చూపెను. నిజమునకు 1,404 కావలెను. గడచిన నెలల కోతను కార్మికుని నుండి తరువాత తీయుటకు చట్టమొప్పదు. కావున నాలుగు నెలలకు 5,616 రూపాయలును, వడ్డీయును మిల్లే చెల్లించెను. తప్పు మాత్రము నాది.

అది మొదలు నేను ఏ అంకెను చెరుపను. పాత సూత్రమునకు ముగింపు తేదీ వేసి, దాని క్రింద క్రొత్తదానిని చేర్చుదును. పూర్వము కరణములు క్రొత్త అడంగలు వ్రాసినపుడు పాతదానిని చించివేసిరా? జూను లెక్క ఎన్నడు తీసినను జూను నాటి సూత్రమే పలుకవలెను.

మీ పిల్లవాని చీటీలో బీమా పద్దు ఏప్రిలు, అక్టోబరు నెలలలో గాక నడుమ మాయమైనచో, సొమ్ము పెరిగినదని యూరకుండక, కారణమేమో జీతముల గుమాస్తాను ఆ నెలనే అడుగుమని చెప్పుడు.