కాల్చిన రాత్రే కడగాలి
తుపాకి గొట్టంలో మసి ఉంటే తుప్పే కాదు, ప్రాణాపాయం కూడా

చేను కాపలా కోసం లైసెన్సు పొందిన తుపాకులు మన పల్లెల్లో ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. లైసెన్సు రెన్యూవల్ తేదీ అందరికీ గుర్తుంటుంది. గొట్టం లోపల ఎలా ఉందో చూసేవారు తక్కువ. తుపాకి కాల్చినందువల్ల పాడయ్యేది కొంతే. కాల్చి, కడగకుండా మూల నిలబెట్టినందువల్ల పాడయ్యేదే ఎక్కువ.

మూతి నుంచి కూరే తుపాకుల్లో వాడే పాతకాలపు మందులో పెట్లుప్పు సుమారు 75 పాళ్లు, బొగ్గుపొడి 15, గంధకం 10 ఉంటాయి. కాలిన తరువాత దాని బరువులో సగానికి పైగా గాలిలో కలిసిపోదు, సన్నని బూడిదగా మారుతుంది. కొంత పొగతో పోగా మిగిలినది గొట్టం గోడలకు, మూతికి అంటుకుంటుంది. ఇందులో ఎక్కువ భాగం లవణాలే. మూత తీసిన ఉప్పు జాడీలాగే ఇదీ చెమ్మను లాగుతుంది. వానాకాలంలో అయితే తెల్లవారేసరికే తుప్పు మొదలవుతుంది.

మసి పేరుకుంటే మరో ముప్పు ఉంది. కూరిన గుండు మందుదాకా దిగక మధ్యలో ఆగిపోవచ్చు. అలా సందు ఉండగా కాలిస్తే గొట్టం పగిలి, కాల్చినవాని చేతికి, కంటికి దెబ్బ తగులుతుంది.

ముందు ఖాళీయేనా?

శుభ్రం చేయబోయే ముందు తుపాకి ఖాళీగా ఉందని రూఢి చేసుకోవాలి. తూటా తుపాకి అయితే విప్పి చూస్తే తెలుస్తుంది. మూతి తుపాకికి మొదట పేలుడు టోపీ తీసివేయాలి. ముఖం మూతికి ఎదురు పెట్టకుండా, పక్కనుంచి ఊచను మెల్లగా లోపలికి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. అదే ఊచను గొట్టం వెలుపల ఆనించి చూడాలి. అడుగుదాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్లు తక్కువగా ఆగితే లోపల మందు ఉన్నట్టే. దాన్ని స్వయంగా పెకలించరాదు. లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారుకు చెప్పాలి.

వేడి నీళ్లే మేలు

పాతమందు మసి నూనెకు కరగదు, నీళ్లకు కరుగుతుంది. వేడి నీళ్లలో కాస్త సబ్బు వేసి, ఊచకు గుడ్డ చుట్టి, నీళ్లు తేటగా వచ్చేవరకు తోమాలి. తరువాత పొడి గుడ్డలతో తుడవాలి. వేడెక్కిన ఇనుము త్వరగా ఆరుతుంది. ఆ పైన తుపాకి నూనె పలచగా పూయాలి. వంటనూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది. కిరోసిన్ ఆరిపోతుంది, కాపు ఇవ్వదు. రెండు రోజుల తరువాత మరోసారి తుడిచి చూడాలి. గుడ్డ ముక్క లోపల ఉండిపోకూడదు.

నేటి తూటాల్లో ఉన్నది వేరు మందు. ఫ్రాన్సులో పాల్ వియెయ్ 1884లో కనిపెట్టిన పొగలేని మందు జాతిది. దాని మసి తక్కువే కాని నీళ్లకు వదలదు. గొట్టాలు శుభ్రపరిచే ద్రావకం, ఇత్తడి బ్రష్ కావాలి.

రైఫిల్ మూతి అంచు సున్నితమైనది. గుండు చివరిగా తాకి బయటపడేది అక్కడే. ఆ అంచు ఒకవైపు అరిగితే గురి తప్పుతుంది. అందుచేత మసిని కత్తితో గీకరాదు. నూనెతో నానబెట్టి గుడ్డతో తుడవాలి. వీలైనంతవరకు ఊచను వెనుకవైపు నుంచే పంపాలి.

ఫిన్లండ్, బ్రిటన్ వంటి దేశాల్లో వేటగాళ్లు చట్ట ప్రకారమే సైలెన్సర్ బిగించి కాలుస్తారు. అది వాయువును కాసేపు పట్టి ఉంచుతుంది. అందువల్ల మసి మూతి చుట్టూ, మరలపైన, వెనుకకు కూడా ఎక్కువగా చేరుతుంది. మన దేశంలో సైలెన్సర్ నిషిద్ధ సామగ్రి. సామాన్యులకు దానికి లైసెన్సు ఇవ్వరు.

మసిలో సీసం ఉంటుంది. వంటింట్లో, పిల్లల దగ్గర ఈ పని పెట్టుకోరాదు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికీ వర్తిస్తుంది. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించమంటే, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి ఇవ్వాలి. మసితో వెళ్లిన తుపాకి నెలల తరువాత తుప్పుతోనే తిరిగి వస్తుంది.