పాఠం వచ్చు, పని రాదు!

బాగా మార్కులు వచ్చినా తమ బిడ్డకు ఉద్యోగం రాలేదని ఎందరో తల్లిదండ్రులు మథనపడుతుంటారు. జిల్లాలోని ఓ డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధించే ఆచార్యుడు ఇందుకు తన శిష్యురాలి సంగతే ఉదాహరణగా చెప్పారు.

ఆ అమ్మాయిది కూలీ కుటుంబం. తరగతిలో ఎప్పుడూ మొదటి స్థానమే. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. కానీ సొంత ఊరి పంచాయతీ జమాఖర్చుల కాగితం ముందు పెడితే తెల్లమొహం వేసింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందని తెలుసు. దరఖాస్తు ఎవరికి రాయాలో తెలియదు.

"తప్పు పిల్లది కాదు, మాది. బడ్జెట్ అంటే ఏమిటో చెప్పాం గానీ, ఒక్క బడ్జెట్ అయినా చూపించలేదు" అన్నారాయన.

ఆయన సలహాపై సెలవుల్లో ఆమె గ్రామసభకు వెళ్లింది. తీర్మానాలు రాసుకుంది. వీధి దీపాల ఖర్చు చెప్పమని దరఖాస్తు పెట్టింది. చట్టప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి.

మరి ఉద్యోగానికి సిద్ధమైనట్లేనా? "సగం సిద్ధం. కంప్యూటరుపై నివేదిక తయారు చేయడం ఇంకా నేర్వాలి" అన్నది ఆచార్యుని మాట.

ప్రతి ఊళ్లోనూ ఇలా చదువుకున్న పిల్లలున్నారు. వచ్చే గ్రామసభకు వారిని పిలిచి లెక్కలు చదివిస్తే వారికీ మేలు, ఊరికీ మేలు.