మేఘంలో చోటు నిండితే ముందుగా ఏమి తొలగించాలి?

పూర్వం ఇంటి ఛాయాచిత్రాలు ఇనుప పెట్టె అడుగున, పట్టుచీరల మడతల నడుమ భద్రంగా ఉండేవి. నేడు ఆ పెట్టె స్థానాన్ని చేతిఫోను ఆక్రమించింది. తాతగారి షష్టిపూర్తి, మనుమరాలి ఓణీల వేడుక, గ్రామదేవత జాతర మాత్రమే కాదు. తమిళనాడులోని పొలానికి పట్టా, కర్ణాటకలోని పొలానికి పహణీ, ఆంధ్రప్రదేశ్‌లోని పొలానికి అడంగల్, పిల్లల బదిలీ పత్రం, కుల ధ్రువీకరణ పత్రం కూడా చిత్రాల రూపంలో ఫోనులోనే ఉంటున్నాయి. సరిహద్దుకు ఇరువైపులా బంధువులు, భూములు, చదువులు ఉన్న కుటుంబాలకు ఇవి విలువ కట్టలేని ఆస్తి.

అట్టి ఫోనులో ఒకనాడు ‘నిల్వస్థలం నిండినది’ అన్న హెచ్చరిక కనిపిస్తుంది. ఇంటిలోని కుర్రవాడెవరో ఫోను అందుకొని, అన్నిటికంటె పాత చిత్రాల నుండి తొలగించడం మొదలుపెడతాడు. ఇప్పుడు మన మధ్య లేని పెద్దల రూపాలు ఆ పాతవాటిలోనే ఉంటాయి. విచారకరమైన విషయమేమంటే, పాత చిత్రాలను ఎన్ని తొలగించినా పలు సందర్భాలలో ఇసుమంతైనా చోటు దొరకదు. చిత్రాలు పోతాయి, హెచ్చరిక మాత్రం మిగులుతుంది. దీనికి కారణం తెలుసుకొన్న తరువాతనే తొలగింపు మీట నొక్కడం శ్రేయస్కరం.

రెండు చోట్లు, రెండు లెక్కలు

ఫోనులో తీసిన చిత్రం మొదట ఫోనులోనే నిలువ ఉంటుంది. ‘బ్యాకప్’ సదుపాయం పనిచేస్తుంటే దాని నకలు అంతర్జాలం ద్వారా దూరాన ఉన్న సంస్థ కంప్యూటర్లకు చేరుతుంది. దీనినే ‘క్లౌడ్’ అనీ, తెలుగులో ‘మేఘం’ అనీ వ్యవహరిస్తున్నారు. ఫోను ఇంటిలోని బీరువా వంటిదైతే, మేఘం బ్యాంకులోని లాకరు వంటిది. బీరువా నిండడం వేరు, లాకరు నిండడం వేరు. హెచ్చరిక దేనిని గురించి వచ్చిందో ముందుగా చదివి తెలుసుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా వాడుకలో ఉన్నది గూగుల్ ఫోటోస్. గూగుల్ ఖాతా ఒక్కొక్కదానికి ఉచితంగా లభించే చోటు 15 జీబీ. ఇది ఛాయాచిత్రాలకు మాత్రమే ప్రత్యేకించినది కాదు. జీమెయిల్ ఉత్తరాలు, డ్రైవ్‌లోని పత్రాలు కూడా ఇందులోనే ఇమడాలి. 2024 నుండి ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ సంభాషణల బ్యాకప్ సైతం ఈ లెక్కలో చేరింది.

ఈ చోటు నిండితే కలిగే నష్టం కొత్త చిత్రాలు భద్రపడకపోవడంతో ఆగదు. ఆ ఖాతాకు ఉత్తరాలు రావడం, దాని నుండి పంపడం కూడా నిలిచిపోతాయి. కళాశాల ప్రవేశానికి, ఉపకార వేతనానికి విద్యార్థి అదే చిరునామా ఇచ్చి ఉంటే, రావలసిన సమాచారం పంపినవారికే తిరిగి వెళ్లిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా ఉన్నచోట ఒకరి పెళ్లి వీడియోలు మరొకరి చదువుకు అడ్డుపడే స్థితి ఇది. ఖాతా పరిమితికి మించి 2 సంవత్సరాలపాటు అట్లే ఉంటే అందులోని సామగ్రిని తొలగించే హక్కు సంస్థకు ఉన్నది. కావున హెచ్చరికను నిర్లక్ష్యం చేయరాదు.

పాత చిత్రాల రహస్యం

2021 జూన్ 1వ తేదీకి పూర్వం గూగుల్ ఫోటోస్‌లో ‘హై క్వాలిటీ’ అన్న పద్ధతిలో భద్రపరచిన చిత్రాలు, వీడియోలు 15 జీబీ లెక్కలోకి రావు. అవి నేటికీ ఉచితంగానే ఉన్నాయి. ఆ తేదీ తరువాత చేరినవి మాత్రమే చోటును ఆక్రమిస్తున్నాయి. ‘ఒరిజినల్ క్వాలిటీ’ పద్ధతిలో దాచినవి మాత్రం సాధారణంగా ముందు నుంచీ లెక్కలో ఉన్నవే. అందుచేత 2018 నాటి అమ్మమ్మ చిత్రాన్ని తొలగిస్తే కుటుంబానికి అమ్మమ్మ చిత్రం దూరమవుతుందే తప్ప, చోటు కలిసిరాకపోవచ్చు.

మరి చోటును తింటున్నది ఏమిటి? మామూలు ఫోను చిత్రం ఒక్కొక్కటి సుమారు 3 నుండి 5 ఎంబీ ఉంటుంది. వీడియో అట్లు కాదు. సాధారణమైన 1080పి వీడియో నిమిషానికి ఇంచుమించు 100 ఎంబీకి పైగా, 4కె వీడియో నిమిషానికి 300 ఎంబీకి పైగా పడుతుంది. జాతరలో 4కె పద్ధతిన తీసిన 10 నిమిషాల వీడియో ఒక్కటే 3 జీబీ, అనగా ఉచిత స్థలంలో ఐదవ వంతు. దాని ముందు పాత చిత్రాలు లెక్కలోనివి కావు. చీమలను వెదికి ఏనుగును విడిచిపెట్టినట్లు కాకుండా, ముందుగా వీడియోలను చూడాలి.

ఏ మీట నొక్కితే ఏమి పోతుంది?

నష్టం అధికంగా జరిగేది ఇక్కడే. మూడు పనులు చూపునకు ఒకే విధంగా ఉన్నా, వాటి ఫలితాలు వేరు.

మొదటిది, గూగుల్ ఫోటోస్‌లోని ‘ఫ్రీ అప్ స్పేస్’. ఇది మేఘానికి చేరిన చిత్రాలను ఫోను నుండి మాత్రమే తొలగిస్తుంది. ఫోనులో చోటు వస్తుంది. మేఘంలో రవ్వంత కూడా రాదు. దీని తరువాత కూడా చిత్రాలు తెరపై కనబడుతూనే ఉంటాయి గనుక అవి ఫోనులో ఉన్నాయని భ్రమపడతారు. నిజానికి అప్పటికి మిగిలి ఉన్నది మేఘంలోని నకలు ఒక్కటే.

రెండవది, గూగుల్ ఫోటోస్‌లో చిత్రాన్ని ఎంచుకొని ‘డిలీట్’ నొక్కడం. ఇది మేఘంలోనూ, ఫోనులోనూ, అదే ఖాతాతో తెరిచిన ఇతర ఫోన్లలోని గూగుల్ ఫోటోస్‌లోనూ ఆ చిత్రాన్ని తొలగిస్తుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడు తన పాత ఫోనును ఖాతా మార్చకుండా ఊరిలోని తల్లికి ఇస్తాడు. ఆమె వద్ద ఆడుకొనే పసివాడు ‘అక్కరలేనివి’ తొలగిస్తే, అక్కడ కుమారుని చిత్రాలు మాయమవుతాయి. ఫోను చేతులు మారినప్పుడు ఖాతాను కూడా మార్చాలి.

మూడవది, ఫైల్ మేనేజర్ నుండి తొలగించడం. ఇందులో సాధారణంగా ఫోనులోని ప్రతి మాత్రమే పోతుంది. మేఘానికి అప్పటికే చేరిన నకలు నిలిచి ఉంటుంది. చేరకపోతే ఏదీ మిగలదు.

ఆచరించవలసిన క్రమం

ఫోను భాష తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీలలో ఉంటే మీటల పేర్లు ఆ భాషలలో కనిపిస్తాయి. పైన కుడివైపు ఖాతాదారుని బొమ్మ ఉండే చోటు మాత్రం అన్నిటిలోనూ ఒకటే. అక్కడి నుండి ప్రారంభించవచ్చు.

1. ఖాతా ఎవరిదో నిర్ధారించుకోవాలి. పలు ఇళ్లలో ఫోను కొన్ననాడు దుకాణదారుడే ఖాతా తెరిచి ఇస్తాడు. సంకేతపదం ఎవరికీ తెలియదు. ఖాతా పునరుద్ధరణకు ఇచ్చిన ఫోను నంబరు, రాష్ట్రం మారినప్పుడు వదిలివేసిన పాత సిమ్ముది అయి ఉండవచ్చు. ఫోను పోయిననాడు ఆ ఖాతాలోకి వెళ్లే దారి మూసుకొనిపోతుంది. కనుక చిరునామా, సంకేతపదం పుస్తకంలో వ్రాసి ఉంచి, నంబరును సరిచేయాలి.

2. చోటును ఏది ఆక్రమించిందో చూడాలి. ఖాతాదారుని బొమ్మను తాకితే నిల్వస్థలం వివరం కనిపిస్తుంది. ఫోటోస్, జీమెయిల్, డ్రైవ్ ఒక్కొక్కటి ఎంత తీసుకొన్నదీ అక్కడ తెలుస్తుంది. దోషం వాట్సాప్ బ్యాకప్‌దే అయితే ఛాయాచిత్రాల జోలికి వెళ్లనవసరమే లేదు. వాట్సాప్ బ్యాకప్ అమరికలో వీడియోలను మినహాయిస్తే తరువాతి బ్యాకప్ చిన్నదవుతుంది.

3. తొలగించుటకు ముందు రెండవ నకలు తీయాలి. ఫోనును తీగతో కంప్యూటరుకు కలిపి గాని, ఫోనుకు తగిలించే పెన్‌డ్రైవ్ ద్వారా గాని పెద్దల చిత్రాలు, శుభకార్యాలు, పత్రాలు వేరుగా భద్రపరచాలి. ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎప్పుడో వాడి ఉంటే తీగ ద్వారా ఆ చిత్రాలు రావు. మేఘం నుండి దింపుకోవాలి. గూగుల్ టేక్‌అవుట్ ద్వారా మొత్తం ఒకేసారి దింపుకోవచ్చు. నకలు తీసిన తరువాత నాలుగైదు చిత్రాలు తెరిచి చూడడం మరువరాదు.

4. ‘మేనేజ్ స్టోరేజ్’ విభాగాన్ని తెరవాలి. పెద్ద వీడియోలు, తెరపట్టు చిత్రాలు, మసకబారిన చిత్రాలు అక్కడ వేరువేరుగా కనిపిస్తాయి. పెద్ద వీడియోలతో ఆరంభించి, నకలు తీసినవాటిని, అక్కరలేనివాటిని తొలగించాలి. మసకబారినవని యంత్రం చూపినంత మాత్రాన అన్నీ పనికిరానివి కావు. వణికే చేతులతో నానమ్మ తీసిన చిత్రం కూడా అందులో ఉండవచ్చు. ఒక్కొక్కటి చూసి నిర్ణయించాలి.

5. నాణ్యతను కొంత తగ్గించుకోవచ్చు. బ్యాకప్ అమరికలో ‘స్టోరేజ్ సేవర్’ ఎంచుకొంటే ఇకపై చేరే చిత్రాలు 16 మెగాపిక్సెళ్లకు, వీడియోలు 1080పికి మించకుండా కుదించబడతాయి. ఇంటి గోడకు పటం కట్టించుకొనుటకు ఆ నాణ్యత చాలును. అప్పటికే మేఘంలో ఉన్నవాటిని కుదించుటకు కంప్యూటరులో గూగుల్ ఫోటోస్ అమరికలను తెరిచి ‘రికవర్ స్టోరేజ్’ను ఎంచుకోవాలి. ఒకసారి కుదించినదానిని మేఘంలో తిరిగి పెంచడం సాధ్యం కాదు. వేడుకల అసలు వీడియోలు విడిగా దాచిన పిమ్మటనే ఇది చేయాలి.

6. చెత్తబుట్ట విషయంలో తొందర కూడదు. బ్యాకప్ అయిన చిత్రాన్ని తొలగిస్తే అది 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. కానిది 30 రోజులే ఉంటుంది. పొరపాటు జరిగితే సరిదిద్దుకొనే గడువు ఇదే. ఉత్తరాలు ఆగిపోయి తక్షణం చోటు కావలసి వచ్చినప్పుడు మాత్రమే, మరొకసారి చూసి, బుట్టను ఖాళీ చేయాలి. లేనిచో ఇంటిలోని వారందరికీ చెప్పి ఒక వారం ఆగడం మేలు.

ఐఫోను ఉన్నవారు

ఐఫోనులో మేఘానికి ఐక్లౌడ్ అని పేరు. ఉచిత స్థలం 5 జీబీ మాత్రమే. ‘ఐక్లౌడ్ ఫోటోస్’ పనిచేస్తున్నప్పుడు ఫోనులో తొలగించిన చిత్రం మేఘంలోనూ పోతుంది. ‘రీసెంట్లీ డిలీటెడ్’ విభాగంలో 30 రోజుల వరకు తిరిగి పొందవచ్చు.

మళ్లీ నిండకుండా

ఉదయాన్నే వచ్చే శుభోదయ చిత్రాలు, పండుగ శుభాకాంక్షలు, ఒకే వీడియో పది బృందాల నుండి రావడం ఇవన్నీ కలిసి చోటును మింగివేస్తాయి. వాట్సాప్ అమరికలలో మీడియా తనంతట దిగకుండా ఆపివేయవచ్చు. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ అమరికలో వాట్సాప్ చిత్రాల సంచిని మినహాయించవచ్చు. అప్పుడు బంధువులు వాట్సాప్‌లో పంపిన మంచి చిత్రాలు కూడా మేఘానికి చేరవు గనుక, కావలసినవాటిని ఎప్పటికప్పుడు వేరుగా భద్రపరచుకోవాలి. ‘మీ చోటు నిండినది, ఈ లంకెను నొక్కి రుసుము చెల్లించండి’ అని సందేశం వస్తే దానిని నొక్కరాదు. అట్టి సందేశాలతో మోసగించేవారున్నారు. చోటు కొనదలచినవారు తమ ఖాతాను తామే తెరిచి కొనుక్కోవాలి.

ఏడాదికి ఒకనాడు, దసరాకో సంక్రాంతికో అందరూ ఇంటికి చేరినప్పుడు, ఫోనును నడుమ ఉంచుకొని ఈ పని చేయడం ఉత్తమం. చిత్రంలో ఉన్నది ఎవరో, ఆ పొలం సరిహద్దు రాయి ఎక్కడిదో చెప్పగలవారు ఇంటి పెద్దలే. మీట నొక్కడం వచ్చినవారు పిల్లలే. ఇరువురూ పక్కపక్కన కూర్చున్నప్పుడు ఏది చెత్తో, ఏది ఆస్తో తేలుతుంది. ఒక్క చరవాణితో ఒంటరిగా కూర్చున్నవాడు చేసే పని కాదు ఇది.