ఉచిత ఆన్‌లైన్ కోర్సులో చేరే ముందు



మొన్న పదో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు ఆఫీసు గదికి వచ్చి ఫోన్ నా చేతికిచ్చారు. "మాస్టారూ, మావాడు ఏదో ఐఐటీ కోర్సులో చేరాడు. ఉచితమంట. తర్వాత డబ్బులడగరు కదా?" అన్నారు. ఈ సందేహం ఇంకా చాలామందికి ఉంది కనుక ఇక్కడ రాస్తున్నాను.

కోర్సు నిజమైనదే. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలవి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం'లో కూడా దొరుకుతాయి. చేరడానికి, పాఠాలు వినడానికి పైసా అక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే ఫీజు ఉంటుంది. ఎవరైనా ఫోన్ చేసి "సీటు ఖాయం చేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే మాత్రం వెంటనే పెట్టేయండి.

అయితే ఆ పాఠాలు ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లల కోసం. మన వాళ్లకి 'స్వయం'లోనే 9 నుంచి 12వ తరగతి దాకా పనికొచ్చే కోర్సులు వేరే ఉన్నాయి. పేరు చూసి కాదు, తరగతి చూసి చేరాలి.

మన పిల్లలకి అసలు అడ్డు భాష. ఇంట్లో తెలుగు, బరంపురం బజారులో ఒడియా, కోర్సేమో ఇంగ్లీషు. పదో తరగతి దాకా కిరణజన్య సంయోగక్రియ అని చదివిన పిల్ల, ప్లస్ టూలో ఫోటోసింథసిస్ అనగానే తెల్లబోతుంది. విషయం తెలుసు, పేరే తెలీదు. మంచి మార్కులొచ్చిన పిల్లలు ఈ ఒక్క భయంతో సైన్సు వదిలేయడం నేను చూశాను. వీడియో పాఠం మేలు చేసేది ఇక్కడే. క్లాసులో లేచి "మళ్లీ చెప్పండి సార్" అనడానికి సిగ్గుపడే పిల్ల, ఇక్కడ వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు. కొన్ని ఎన్‌పీటెల్ పాఠాలకి తెలుగు అనువాదం కూడా ఉంది. (అందులో కొన్ని మాటలు నాకే కొరుకుడు పడవు, అది వేరే సంగతి.)

చేరడం తేలిక, పూర్తి చేయడమే కష్టం. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కృత్రిమ మేధపై ఉచిత కోర్సు పెడితే ప్రపంచమంతటా సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తి చేసింది 20 వేల పైచిలుకే.

మన దగ్గరా అంతే. తప్పు నాదే. పోయిన వేసవిలో వాట్సాప్ గ్రూపులో ఒకేసారి పదకొండు లింకులు పెట్టేశాను. బడి తెరిచాక అడిగితే, ఒక కోర్సు పూర్తిచేసింది ఒక్క అమ్మాయే. ఎలాగమ్మా అంటే, "రాత్రి నాన్న ఇంటికొచ్చాక ఫోన్ ఇచ్చేవారు సార్. పక్కనే కూర్చునేవారు" అంది. ఆ నాన్నకి ఇంగ్లీషు రాదు.

అందుకే ఈసారి పదో తరగతికి సైన్సులో ఒక్క కోర్సే పెడుతున్నాం. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు, ఉన్నా చేతికి అందనివాళ్లు శనివారం బడి విడిచాక కంప్యూటర్ గదికి రావచ్చు. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. ఇంగ్లీషు మాట ఒక పక్క, తెలుగు మాట ఎదురుగా రాసుకుందాం.

– ప్రధానోపాధ్యాయుడు