టచ్‌ప్యాడ్ తడబడుతోందా? ముందు చార్జర్ తీసి చూడండి

తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ల బిల్లులు, లారీల లెక్కలు ఇప్పుడు ల్యాప్‌టాప్‌ మీదే నడుస్తున్నాయి. అక్కడి గుమస్తాకైనా, వికారాబాద్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు నింపే విద్యార్థికైనా ఎదురయ్యే చిరాకు ఒకటుంది. వేలు నిదానంగా జరుపుతుంటే కర్సర్ గెంతుతుంది. ఒక బటన్ నొక్కబోతే పక్కది పడుతుంది. టచ్‌ప్యాడ్ పోయిందని వెంటనే తేల్చేస్తాం. చాలాసార్లు అది బాగానే ఉంటుంది; దాని కొలతలే చెడుతుంటాయి.

వేలిని ఎలా పసిగడుతుంది?

టచ్‌ప్యాడ్ నున్నటి పైపొర కింద సన్నని రాగి గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. మన ఒంట్లో ఉప్పునీరు ఉంది కాబట్టి వేలు విద్యుద్వాహకమే. అది ఆనగానే ఆ గీతల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం) కాస్త మారుతుంది. ఆ మార్పు సుమారు ఒక పికోఫారడ్, లేదా అంతకన్నా తక్కువ. పికోఫారడ్ అంటే కెపాసిటెన్స్ కొలమానమైన ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు.

గీతల మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లు. అయినా కర్సర్ అంతకన్నా సన్నగా కదలగలదు. వేలు ఒకేసారి రెండు మూడు గీతల మీద పడుతుంది. ఏ గీతలో ఎంత మార్పు వచ్చిందో చూసి, చిప్ సగటు కట్టి వేలి నడిమి చోటును లెక్కిస్తుంది. సెకనుకు దాదాపు వందసార్లు ఇదే పని. ఒక్క గీత కొలత తప్పినా సగటు పక్కకు జరుగుతుంది, కర్సర్ గెంతుతుంది. జార్జ్ గెర్‌ఫైడ్ 1988లో రూపొందించిన టచ్‌ప్యాడ్‌ను 1994లో ఆపిల్ తన పవర్‌బుక్ 500 ల్యాప్‌టాప్‌లలో పెట్టింది. నేటి టచ్‌ప్యాడ్‌లదీ అదే మూలసూత్రం.

చార్జర్, ఎర్తింగ్

చార్జర్ లోపలి సర్క్యూట్ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ, వదులుతూ ఉంటుంది. ఆ అలజడిలో కొంత ల్యాప్‌టాప్ దాకా వస్తుంది. దాని మధ్య వేలి సంకేతాన్ని కొలవడమంటే జాతరలో డీజే పక్కన నిలబడి గుసగుస వినడమే. మూడు పిన్నుల చార్జర్‌లో ఎర్త్ తీగ ఈ అలజడిని భూమిలోకి పంపేస్తుంది. సాకెట్‌కు మూడో రంధ్రం ఉండి, వెనక ఎర్త్ తీగే లేకపోతే ఆ అలజడి పోవడానికి దారి ఉండదు. అప్పుడు లోహపు బాడీని తాకితే చేతికి సన్నగా జివ్వుమంటుంది కూడా.

ఆ తీగ దిగే ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసేది మట్టిలో కరెంటు సులువుగా పారడానికే. మట్టి పలుచగా ఉండి కిందంతా బండ ఉన్నచోట తేమ నిలవదు. నాపరాయి ప్రాంతంలో వేసవిలో ఆ గుంత ఎండితే ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది.

అందుకే మొదటి పరీక్ష: చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. కర్సర్ కుదురుకుంటే లోపం చార్జర్‌లోనో, ఎర్తింగ్‌లోనో ఉన్నట్టే. అదే సాకెట్‌లో కంపెనీ చార్జర్‌తో ఒకసారి, పాత చార్జర్‌నే మరో చోటి సాకెట్‌లో ఒకసారి పెట్టి చూస్తే రెండింటిలో ఏదో తేలుతుంది.

దుమ్ము, చెమట, సాఫ్ట్‌వేర్

పొడి రాతిదుమ్ము ఒక్కటే పెద్దగా అడ్డు రాదు. చెమటతో కలిసి పేస్టులా అంటుకుంటేనే చిక్కు. ఉప్పుతేమ కూడా విద్యుద్వాహకం కనుక చిప్ దాన్ని రెండో వేలనుకుంటుంది. ల్యాప్‌టాప్ ఆపేసి, గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. చేతులు తుడుచుకోవడమూ మరవద్దు.

తర్వాత మౌస్ తగిలించండి. దానితోనూ కర్సర్ ఆగి ఆగి కదిలితే టచ్‌ప్యాడ్‌ది తప్పు కాదు. ఏదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను పట్టి ఉంచి ఉండవచ్చు. మౌస్ సాఫీగా సాగితే కంపెనీ వెబ్‌సైట్ నుంచి టచ్‌ప్యాడ్ డ్రైవర్ మళ్లీ వేయండి. టైపు చేసేటప్పుడే గెంతుతుంటే అరచేయి తగులుతోందన్నమాట. సెట్టింగుల్లో సెన్సిటివిటీ తగ్గిస్తే సరిపోతుంది.

టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, క్లిక్ బిగుసుకుపోయినా పరీక్షలు ఆపేయండి. కింద లిథియం బ్యాటరీ వాయువుతో ఉబ్బి ఉండవచ్చు. దాన్ని నొక్కినా, గుచ్చినా మంటలు రావచ్చు. చార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

చార్జర్ తీయగానే కర్సర్ కుదురుకుని, వేరే ఇంటి సాకెట్‌లో చార్జర్ పెట్టినా బాగానే ఉంటే, కొత్త టచ్‌ప్యాడ్‌కు డబ్బు పోయకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ కొలిపించండి. మీ ఇంట్లో ఫ్రిజ్, గీజర్, నీటి మోటారు తాకే చేతులకూ రక్షణ అదే.